మేకుకు వేలాడే క్లిప్పులు

షెడ్డులోంచి ఖంగుమని చప్పుడు వచ్చిన ప్రతిసారీ మిషనమ్మ గుండె కుదుటపడేది. ఆ చప్పుడు రాకపోతేనే ఆమెకు భయం.

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనే పిలుస్తారు. ఊడిపోయిన జిప్పులు, పిల్లలు నిలువుగా ఎదిగితే పొట్టివైపోయిన యూనిఫారాలు, పెద్దలు అడ్డంగా ఎదిగితే పట్టని ప్యాంట్లు, అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. వెనక గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. కిటికీ అవతల చిన్న పెరడు, పెరటి చివర రేకుల షెడ్డు. లారీ నడిపే మొగుడు ఒకప్పుడు పాత టైర్లు అందులో పడేసేవాడు. ఇప్పుడది కూతురి రాజ్యం. నడుమ ఒక బెంచీ, దాని తలవైపు రెండు ఇనప స్తంభాలు, వాటి కొక్కేల మీద పొడుగాటి ఇనప బార్, గోడకి ఆనించి దాని చివర్లకి తగిలించే చిన్నా పెద్దా గుండ్రటి ఇనప ప్లేట్లు. బెంచీని మిషనమ్మ తమ్ముడు తన మెకానిక్ షాపులో వెల్డింగ్ చేసి ఇచ్చాడు. మేనకోడలంటే వాడికి ప్రాణం. ఆ ప్రాణం తీసేలాంటి వస్తువు చేసిచ్చాడని అక్క ఇప్పటికీ వాణ్ణి దెప్పుతూనే ఉంటుంది.

కూతురు ఆ బెంచీ మీద వెల్లకిలా పడుకుంటుంది. బార్‌ని కొక్కేల మీంచి తీసి, రొమ్ముల దాకా దించి, మళ్ళీ పైకి తోసి, కొక్కేల మీద పడేస్తుంది. ఖంగు. అంటే బతికే ఉంది. అదీ మిషనమ్మ లెక్క. బార్ కొక్కేలు వదిలిన చిన్న గీరుడు వినపడగానే ఆమె కాలు తొక్కుడు ఆపేసేది. ఖంగుమన్నాక మళ్ళీ మిషను కదిలేది. ఆ సాయంత్రాల్లో కుట్టిన బట్టల్లో కుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉన్నాయని గిరాకీలు నసిగేవాళ్ళు.

లోపలికే వెళ్ళి చూడొచ్చు కదా అంటే, వెళ్ళకూడదు. మొదట్లో వెళ్ళేది. గుమ్మంలో నిలబడి, బార్ కిందికి దిగుతుంటే అయ్యో తల్లీ, అయ్యో తల్లీ అంటూ కొంగు నోట్లో కుక్కుకునేది. ఊపిరి బిగబట్టిన పిల్లకి నవ్వో కోపమో ముంచుకొచ్చి బిగువంతా సడలిపోయేది. చివరికి ఒకరోజు లేచి కూర్చుని తేల్చి చెప్పేసింది.

"నేను పిలిస్తే తప్ప రాకమ్మా. నీ అయ్యో కంటే ఈ ఇనుమే తేలిక."

ఈ పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. దూదిలో చుట్టి ఇచ్చిన నర్సు, పిచ్చుకంత ఉందమ్మా, జాగ్రత్త అంది. పిచ్చుక అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు పిచ్చుక పార్సిళ్ళ గోడౌనులో పని చేస్తుంది. ఇద్దరు మగవాళ్ళు చెరోవైపు పట్టుకునే పెట్టెని తానొక్కతే భుజాన వేసుకుంటుంది. ఆమె జాకెట్టు చేతులు మిషనమ్మ ఎన్నిసార్లు విప్పి వదులు చేసిందో. అయినా నర్సు చెప్పిన జాగ్రత్త మాత్రం ఆ తల్లి చెవిలో నిన్న చెప్పినట్టే ఉంది.

బెంచీ మీద బరువులెత్తే పోటీ దగ్గరపడింది. ఆదివారం. పోటీలో బరువుని బట్టి వేరువేరు తరగతులట. పిచ్చుక తన తరగతిలో ఉండాలంటే ఒంటి బరువు తగ్గించుకోవాలి. ఉడకబెట్టిన కోడి మాంసం తక్కెట్లో తూచి తింటోంది. గుడ్డులో తెల్లసొన తిని పచ్చసొన పక్కన పెడుతోంది. డబ్బాలోని ప్రొటీను పొడి తల్లి చేత కలిపించుకుని తాగుతోంది. నీళ్ళు కూడా లెక్కపెట్టి గుక్కెడు గుక్కెడే తాగుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు ఎండిపోయాయి. అయినా బాత్రూములో తూకం మిషను మీదెక్కి దిగిన ప్రతి ఉదయం ముఖం చిన్నబుచ్చుకుని వస్తోంది. తిండి ఇంత తగ్గించినా ముల్లు కిందికి దిగదేం అని గొణుక్కుంటోంది.

మిషనమ్మ ఆ మాట విననట్టు గిన్నెలు తోముకునేది. విననట్టు ఉండటానికి ఆమెకో కారణం ఉంది. అది తరువాత.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పాలి. బార్‌కి రెండు చివర్లా ప్లేట్లు ఎక్కిస్తారు. అవి జారిపోకుండా బయటివైపు ఒక్కో క్లిప్పు పెడతారు. చిన్న మీట నొక్కితే గట్టిగా పట్టేసుకునే క్లిప్పు. పిచ్చుక షెడ్డులో ఆ క్లిప్పులు ఎప్పుడూ గోడ మేకుకు వేలాడుతూనే ఉంటాయి. మరిచిపోయి కాదు. బెంచీ మీద ఒంటరిగా బరువెత్తేవాళ్ళు క్లిప్పులు పెట్టరు. బార్ పైకి లేవక రొమ్ము మీదే ఉండిపోయిందనుకోండి, పక్కకి వంచితే ఒకవైపు ప్లేట్లు జారి పడిపోతాయి, మనిషి బయటపడుతుంది. క్లిప్పులుంటే ఆ దారి మూసుకుపోతుంది. బరువులెత్తే వాళ్ళలో ఇది చిన్నపిల్లలకీ తెలుసు.

మిషనమ్మకి తెలియదు. కూతురు కావాలనే చెప్పలేదు. చెబితే బార్ రొమ్ము మీద పడిపోవడం కూడా జరుగుతుందని చెప్పినట్టే. ఆ మాట విన్న రాత్రి ఆమె నిద్రపోదు. తెల్లారేసరికి షెడ్డులో బెంచీ ఉండదు.

మిషనమ్మకి తెలిసిందల్లా తమ్ముడు చెప్పిన కథ. ఆ ముందు వారమే వాడు వచ్చి, గ్రీజు చేతులు తుడుచుకుంటూ, నీ కూతురు ఇంకొంచెం ముదిరితే నా షాపుకి జాకీ అక్కర్లేదక్కా, బస్సు ముందు చక్రం తనే ఎత్తి పట్టుకుంటుంది అని నవ్వించాడు. ఆ నవ్వులోనే, బజారు జిమ్ములో ఒకడి ప్లేటు బార్ మీంచి జారి బొటనవేలు మీద పడిందనీ, వాడిప్పుడు బాతులా నడుస్తున్నాడనీ చెప్పాడు. వాడు నవ్వడానికి చెప్పాడు. అక్కకి మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. పిచ్చుక షెడ్డులో పలచటి బట్ట బూట్లు వేసుకుంటుంది.

ఆ సాయంత్రం పిచ్చుక డ్యూటీ నుంచి వచ్చి బట్టలు మార్చుకుని షెడ్డులోకి వెళ్ళింది. పోటీకి ముందు ఆఖరి పెద్ద బరువు ఆ రోజే. పెద్ద బరువు కదా అని తల దగ్గర తోడు నిలబడటానికి రావలసిన గోడౌను స్నేహితురాలికి రెండో షిఫ్టు పడింది. ఖంగు, ఖంగు అని చిన్న బరువులు అయిపోయాయి. ప్లేట్లు మారుస్తున్న చప్పుడు. అంతలో కోచ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. షెడ్డులో రేకుల వల్ల మాట సరిగా వినపడదు కాబట్టి పిల్ల ఫోను చెవికి పెట్టుకుని వీధివైపు వెళ్ళిపోయింది.

మిషనమ్మ కిటికీలోంచి చూసింది. షెడ్డు తలుపు తీసే ఉంది. బార్‌కి ఇంతకు ముందెప్పుడూ చూడనన్ని ప్లేట్లు. వాటిని ఆపే క్లిప్పులు మాత్రం మేకుకే వేలాడుతున్నాయి. తిండి లేక పిల్లకి మతి పోయింది, అందుకే మరిచిపోయింది అనుకుంది. పిలిస్తే తప్ప రాకూడదన్న ఒప్పందం గుర్తుంది. కానీ పిల్ల లోపల లేనప్పుడు వెళ్తే అది వెళ్ళినట్టు కాదని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా పెరడు దాటింది. దారప్పోగుని సూది బెజ్జంలోకి ఎక్కించే వేళ్ళవి, మీట ఎలా పనిచేస్తుందో కనిపెట్టడానికి ఎంతసేపు? ఒకవైపు పెట్టింది. రెండోవైపు పెట్టింది. ప్లేట్లకి అంటుకునేలా లోపలికి నెట్టి మరీ నొక్కింది. కదిపి చూసింది. కదల్లేదు. అమ్మయ్య అనుకుని, వచ్చిన దారినే వచ్చి మిషను ముందు కూర్చుంది.

పిచ్చుక తిరిగి వచ్చింది. ముఖం బిగుసుకుపోయి ఉంది. పెద్ద బరువు ఎత్తబోయే ముందు ఆమె అటూ ఇటూ చూడదు. మణికట్టు పట్టీలు పళ్ళతో లాగి బిగించుకుంది. చెవుల్లో పాట పెట్టుకుంది. బెంచీ మీదికి వాలిపోయింది.

గీరుడు వినపడింది. మిషనమ్మ కాలు ఆపింది.

ఖంగుమనలేదు.

కొన్నిసార్లు ఆలస్యమవుతుంది, పెద్ద బరువైతే మరీను. మిషనమ్మ చెవులు రిక్కించింది. పక్కింటి కుళాయి కారుతున్న చప్పుడు. ఎక్కడో స్కూటర్ స్టార్టు కాక మూలుగుతోంది. షెడ్డులోంచి ఏమీ లేదు. తరువాత ఇనుము ఇనుముకి రాసుకున్న చిన్న చప్పుడు. ఒకసారి ఎడమవైపు. ఒకసారి కుడివైపు. ప్లేట్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి గానీ పడటం లేదు.

పిలిస్తే తప్ప రాకూడదు. పిల్ల పిలవలేదు. వెళ్తే పోటీ ముందు పిల్ల ఊపిరి పాడు చేసినట్టవుతుంది. వెళ్ళకపోతే? ఆమె లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. అంతలో ఒక మూలుగు వినపడింది. మాట కాదు. దూదిలో చుట్టిన రోజున ఆ పిల్ల ఏడవలేక చేసిన చప్పుడు లాంటిది.

ఇక ఒప్పందమూ లేదు, ఏమీ లేదు.

బార్ పిచ్చుక రొమ్ముల కింద అడ్డంగా కూరుకుపోయి ఉంది. ముఖం కమిలిపోయింది. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. రెండు చేతులూ బార్‌ని పట్టుకుని వణుకుతున్నాయి. పిల్ల ఒక పక్కకి వంచింది. బార్ వంగింది. ప్లేట్లు క్లిప్పు దగ్గర ఆగిపోయాయి. ఇంకో పక్కకి వంచింది. అక్కడా అంతే. ఏదో గోడకి తగిలినట్టు ఆగిపోతున్నాయి.

మిషనమ్మ బార్ మధ్యలో రెండు చేతులూ వేసి పైకి లాగింది. అది పిసరంత కూడా లేవలేదు. మళ్ళీ లాగింది. వీపులో ఏదో కలుక్కుమంది. పిచ్చుక తల అడ్డంగా ఊపింది. వద్దు, అది కాదు అన్నట్టు. నోరు తెరిచింది గానీ మాటకి సరిపడా గాలి లేదు. కళ్ళు మాత్రం ఒకవైపే చూస్తున్నాయి. బార్ చివరికి.

మిషనమ్మ అటు చూసింది. క్లిప్పు.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఆ వెంటనే అంతా ఒకేసారి అర్థమైంది. ప్లేట్లు పడాలి. పడటమే కావాలి. పడకుండా చేసింది తనే. పై ప్రాణాలు పైనే పోయాయి.

పరుగున వెళ్ళి మీట పట్టుకుంది. కదలకూడదని అంత గట్టిగా నొక్కిన మీట ఇప్పుడు నిజంగానే కదలనంటోంది. చేతులు చెమటతో జారుతున్నాయి. కొంగుతో చుట్టి లాగింది. గోరు విరిగింది. వెనక నుంచి పిల్ల ఊపిరి ఈల వేసినట్టు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. మిషనమ్మ పళ్ళు బిగబట్టి, కుట్టుమిషనులో బిగుసుకుపోయిన బాబిన్ పెట్టెని ఊడదీసేటప్పుడు చేసినట్టు మీటని ముందు లోపలికి తోసి, తరువాత పైకి లేపింది. టక్కున ఊడింది. క్లిప్పు ఆమె చేతికొచ్చింది.

పిచ్చుక అది చూసింది. ఉన్న కాస్త సత్తువా కూడగట్టుకుని బార్‌ని అటు వంచింది.

చివరి చిన్న ప్లేటు జారింది. దాని వెనకే పెద్దవి ధన్ ధన్‌మని నేల మీద పడ్డాయి. బరువు పోయిన ఆ కొస తాడు తెంపుకున్నట్టు పైకి లేచి, మిషనమ్మ కనుబొమ్మని రాసుకుంటూ పోయింది. ఆమె కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలింది. రెండోవైపు ప్లేట్లు బార్‌ని ఈడ్చుకుంటూ నేలకి దిగబడ్డాయి. దొర్లిన పెద్ద ప్లేటు ఒకటి షెడ్డు మూలనున్న బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టిని రెండు ముక్కలు చేసి, సబ్బు నీళ్ళలో గిరగిరా తిరిగి పడుకుంది.

పిచ్చుక పక్కకి తిరిగి దగ్గింది. దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు వింటూ మిషనమ్మ సబ్బు నీళ్ళలోనే కూలబడింది. దగ్గుతోందంటే గాలి వెళ్తోంది. బతికే ఉంది.

దగ్గు తగ్గాక పిల్ల అడిగింది.

"క్లిప్పులు ఎవరు పెట్టారు?"

అబద్ధం చెప్పడానికి వీల్లేకుండా ఒక క్లిప్పు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

"నేనేనే."

"ఎందుకు?"

"జారి నీ కాలి మీద పడతాయని."

పిచ్చుక కళ్ళు మూసుకుంది. కోపం వస్తుందేమోనని మిషనమ్మ ఎదురుచూసింది. వస్తే బాగుండునని కూడా అనుకుంది.

"ఇంకేమైనా ఉందా అమ్మా? ఉంటే ఇప్పుడే చెప్పు."

మిషనమ్మ కనుబొమ్మ మీంచి కారిన నెత్తురు చెంప దాకా వచ్చింది, తుడుచుకోలేదు.

"పాలు."

"ఏం పాలు?"

"నీ డబ్బా పొడి నీళ్ళలో కలపమన్నావు కదా. నేను పాలలో కలిపాను. మీగడ తీయని పాలు. మొహం పీక్కుపోతోందని."

తూకం మిషను ముల్లు ఎందుకు దిగలేదో, ఆ ముల్లు కోసం తాను నీళ్ళు కూడా మానుకుని ఎందుకు నీరసపడిందో, పిచ్చుకకి అప్పుడు తెలిసింది. నోరు తెరిచి తల్లిని చూసింది. ఆ తరువాత నవ్వు మొదలైంది. నవ్వితే రొమ్ము పట్టేసింది. నవ్వించకే అమ్మా, నొప్పి అంటూ, నవ్వుతూ, ఏడుస్తూ బెంచీ మీద ముడుచుకుపోయింది.

ఎముకలు విరగలేదని, కమిలిన గాయం మానేదాకా బరువుల జోలికి పోవద్దని డాక్టరు చెప్పింది. ఆదివారం పోటీ పిచ్చుక లేకుండానే జరిగిపోయింది. ఆ రోజంతా పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. తల్లిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మిషనమ్మకి మింగుడుపడలేదు. మరునాడు తమ్ముడికి కబురు పెట్టింది, వ్యాను తెచ్చి ఆ బెంచీని, ఆ ఇనుమునీ తీసుకుపొమ్మని. వాడు రకరకాల సాకులతో వాయిదాలు వేశాడు. అక్క ఊరుకోలేదు. పిల్ల గాయం పచ్చబడి, మాసి, మళ్ళీ డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టాక, ఒక సెలవురోజున వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది.

వాడు స్పానర్ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి పిచ్చుక బెంచీ మీద కూర్చుని ఉంది. లేవలేదు. వెనకే వచ్చిన తల్లివైపు తిరిగి, నెమ్మదిగా, క్లిప్పులు మేకుకు ఎందుకు వేలాడేవో అప్పుడు చెప్పింది. తమ్ముడు స్పానర్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఈ బెంచీ తీయించి పారేసేదాన్ని."

"అందుకే."

తమ్ముడు గొంతు సవరించుకుని, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కాపాడుకున్నారు, ఇంకా నయం ఇద్దరూ మిగిలారు అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"తీసుకెళ్ళే ముందు ఒక్కసారి నా తల దగ్గర నిలబడమ్మా," అంది పిచ్చుక. "ఆ తరువాత నీ ఇష్టం. నువ్వు తీసేయమంటే తీసేస్తాను, ఇక అడగను."

వద్దు అనడానికి మిషనమ్మ నోరు తెరిచింది. పోటీ పోయిన రోజున గోడవైపు తిరిగిన వీపు గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

పిల్ల ప్లేట్లు ఎక్కించింది. ఆనాటి అంత కాదు గానీ తక్కువేం కాదు. గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకున్న రెండు క్లిప్పులూ తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఇవెందుకే? వద్దు, నా చేతికివ్వకు."

"తల దగ్గర మనిషి ఉంటే పెట్టాలి. అది పద్ధతి. నువ్వే పెట్టు."

పెట్టింది. ఇప్పుడు బార్ ఆగిపోతే ప్లేట్లు జారవు. మనిషే దిక్కు. ఆ మనిషి తను.

చేతులు ఎలా పెట్టాలో పిచ్చుక చూపించింది. అరచేతులు పైకి, బార్ కింద, బార్‌తో పాటే కిందికీ పైకీ రావాలి. తగలకూడదు. తాను పట్టు అంటేనే పట్టుకోవాలి. అనకుండా వేలు తగిలినా ఆ ఎత్తడం లెక్కలోకి రాదు. పట్టుకుంటే మాత్రం నడుముతో కాదు, కాళ్ళతో లేపాలి. ఎదురుగా మామయ్య ఉన్నాడు, రెండో చెయ్యి వేస్తాడు.

"ఇంకొకటి. అయ్యో అనకూడదు."

కొక్కేల మీద గీరుడు. ఇన్నాళ్ళూ గోడ అవతల నుంచి విన్న చప్పుడు ఇప్పుడు గడ్డం కిందే. బార్ దిగింది. పచ్చటి మచ్చ ఇంకా పోని చోటే తాకి, ఆగి, పైకి కదిలింది. మిషనమ్మ చేతులు దాని వెంటే వెళ్తున్నాయి.

సగం దూరంలో బార్ నిలిచిపోయింది.

పిచ్చుక ముఖం కందగడ్డలా అయింది. ఒక చెయ్యి కాస్త వెనకబడింది. పళ్ళ మధ్య నుంచి గాలి బుసబుసమంటోంది. తమ్ముడు ఒక అడుగు ముందుకు వేసి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు. బార్‌కీ మిషనమ్మ అరచేతులకీ మధ్య దారం మందం ఖాళీ. పట్టుకో అని ఒళ్ళంతా అరుస్తోంది. పట్టుకుంటే పిల్ల బతుకుతుంది. పట్టుకోకపోతే? నెలలు నిండని పిల్ల, పీక్కుపోయిన మొహం, ఆనాటి మూలుగు, అన్నీ ఆ దారం మందంలోనే ఉన్నాయి. నోటి దాకా వచ్చిన మాటని పెదవి కొరికి ఆపింది. పట్టు అన్న మాట కోసం ఎదురుచూసింది. కూతురి కళ్ళలోకే చూస్తూ ఎదురుచూసింది.

ఆ మాట రాలేదు.

వెనకబడ్డ చెయ్యి కదిలింది. బార్ వెంట్రుకవాసి లేచింది. ఇంకొంచెం. తరువాత ఒక్కసారిగా దారి ఇచ్చినట్టు పైకి వెళ్ళి, కొక్కేల మీద పడింది.

ఖంగు.

అంత దగ్గర నుంచి ఆ చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుందని మిషనమ్మకి ఇన్నాళ్ళూ తెలియదు. చేతులు ఇంకా అలాగే, అరచేతులు పైకి పెట్టే ఉన్నాయి. కిందికి దించడం చేతకాలేదు. పిచ్చుక పడుకునే ఉండి, తలకిందులుగా కనిపిస్తున్న తల్లి ముఖం చూసింది.

"తగిలావా?"

"లేదు."

"నిజంగా?"

"లేదే తల్లీ. నీ మీద ఒట్టు."

తమ్ముడు గుమ్మంలో స్పానర్‌తో వీపు గోక్కుంటూ, వ్యాను ఇంజను ఆపనా, ఉంచనా అని అడిగాడు. మిషనమ్మ బార్ చివరికి వెళ్ళి, క్లిప్పు మీటని ముందు లోపలికి తోసి, తరువాత పైకి లేపి చూసింది. ఊడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసి చూసింది. ఈసారి వేగంగానే ఊడింది.

"ఇంకోసారి చేస్తావా, అయిపోయిందా?" అని కూతుర్ని అడిగింది.